గుమ్మి, కుండ, రేపటి గింజ – అపరిగ్రహ విచారణ



అమరకోశంలోని నానార్థవర్గం చదివినవారికి 'పరిగ్రహము' అనే శబ్దం ఒక ఆశ్చర్యాన్ని కలిగిస్తుంది. అమరసింహుడు ఆ ఒక్క పదానికి అయిదు అర్థాలు చెప్పాడు: పత్ని, పరిజనము, స్వీకారము, మూలము, శాపము. ఇల్లాలినీ, ఆశ్రితులనూ, చేయి చాచి పుచ్చుకొనడాన్నీ, వేరునూ, శాపాన్నీ ఒకే మాటలో ఇమిడ్చిన భాష మనది. సంసారం ఎక్కడ వేరూనుతుందో, ఎక్కడ శాపంగా పరిణమిస్తుందో తెలియడానికి ఆ పదాన్ని విప్పుకుంటే చాలు. 'పరి' అనగా చుట్టూ, అంతటా. 'గ్రహము' అనగా పట్టుకొనుట. చుట్టూ ఉన్నదాన్నంతా నాదిగా పట్టుకొనుట పరిగ్రహము. ఆ పట్టు సడలుట అపరిగ్రహము.

మా చొప్పదండి నుండి చదువులకూ ఉద్యోగాలకూ హైదరాబాదు, బెంగుళూరు, అమెరికా వెళ్లిన పిల్లలు పండుగలకు వచ్చినప్పుడు ఆలయ మండపంలో కూర్చుండి 'మినిమలిజం' గురించి చెబుతుంటారు. ఇంట్లో సామాను తగ్గించుకొనడం, పది జతల బట్టలతో సంవత్సరం గడపడం, గోడలనూ బల్లలనూ ఖాళీగా ఉంచుకొనడం వారికి ఒక జీవనవిధానం. "ఇది మన శాస్త్రంలో ఉన్నదా అయ్యగారూ?" అని అడుగుతారు. ఉన్నది. అయితే వారి లెక్క వస్తువు దగ్గర మొదలవుతుంది, శాస్త్రం లెక్క చేతి దగ్గర మొదలవుతుంది. గది ఖాళీ అయినంత మాత్రాన పట్టు సడలిందని చెప్పలేము. ఆ ఖాళీ గదిని పదిమందికి చూపించి మెప్పు పొందాలనుకుంటే ఆ మెప్పు కూడా పరిగ్రహమే. గురుముఖతః విన్నదానినీ, మూడు దశాబ్దాలకు పైబడిన అర్చకత్వంలో కన్నదానినీ ఆధారంగా చేసుకొని ఈ భేదాన్ని విచారించడానికి ప్రయత్నిస్తాను.

అయిదు దోషాలు

పతంజలి మహర్షి యమాలు అయిదింటిలో అపరిగ్రహాన్ని చివరిదిగా చెప్పాడు: అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము. దీనికి వ్యాసభాష్యం ఇచ్చిన వివరణ సూటియైనది. విషయాలను ఆర్జించడంలో, రక్షించుకొనడంలో, అవి క్షయించడంలో, వాటితో ఏర్పడే సంగంలో, వాటి నిమిత్తం జరిగే హింసలో దోషం చూచి స్వీకరించకుండుటయే అపరిగ్రహమని దాని తాత్పర్యం. అర్జనము, రక్షణము, క్షయము, సంగము, హింస అనే ఈ అయిదింటినీ ఏ వస్తువుకైనా అన్వయించి చూడవచ్చు.

మా ప్రాంతంలో దీనికి దృష్టాంతం వెదకవలసిన పని లేదు. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వలస వెళ్లిన కుటుంబాలు ఎన్నో. అప్పు చేసి వీసా సంపాదించి, ఎడారి ఎండలో పనిచేసి, ఊళ్లో ఇల్లు కట్టుకుంటారు. ఆ గృహప్రవేశాలకు నేను వెళ్తాను. పై అంతస్తుతో సహా ఇల్లు పూర్తయ్యేసరికి యజమానికి సెలవు పూర్తవుతుంది. సత్యనారాయణ వ్రతం ముగిసిన వారానికే అతడు తిరిగి విమానం ఎక్కుతాడు. వృద్ధురాలైన తల్లి ఒక్క గదిలో పడుకొని మిగిలిన గదులకు తాళాలు వేసుకుంటుంది. అర్జనంలో కొడుకు యౌవనం పోయింది, రక్షణంలో తల్లి నిద్ర పోయింది, క్షయం ఏటేటా గోడలకు చెమ్మ రూపంలో కనబడుతుంది. ఇల్లు కట్టుకొనడం దోషమని నేననను. వానకు కురిసే గుడిసెలో పెరిగినవాడు పక్కా ఇల్లు కోరుకొనడం న్యాయమే. ఎవరూ పడుకోని ఆ మిగిలిన గదుల దగ్గరనే వ్యాసభాష్యం గుర్తుకు రావాలి.

అపరిగ్రహం స్థిరపడినవానికి ఏ ఫలం కలుగుతుందో కూడా పతంజలి చెప్పాడు. జన్మ ఎట్టిది, ఎందుకు కలిగినది అన్న జ్ఞానం అతనికి కలుగుతుందట. వస్తువులు తగ్గించుకొనడానికీ జన్మరహస్యం తెలియడానికీ సంబంధమేమిటని విద్యార్థి దశలో నేను గురువుగారిని అడిగాను. "నాయనా, ఇల్లు, పొలం, బట్ట, పాత్ర అన్నీ ప్రక్కకు పెట్టిన తరువాత నీ దగ్గర మిగిలే పెద్ద పరిగ్రహం ఏది?" అని ఆయన ఎదురు ప్రశ్న వేశారు. నేను ఆలోచిస్తూ ఉండగానే తమ అరచేతిని గుండెపై పెట్టుకొని చూపించారు. ఈ దేహమే ఆఖరి పరిగ్రహం. దీనిని ఎందుకు పట్టుకున్నాను అన్న ప్రశ్న, మిగిలిన పట్లు సడలిన తరువాతగాని సూటిగా ఎదురుకాదు.

నాలుగు విధాల గృహస్థులు

సన్న్యాసికి కౌపీనం, దండం, కమండలువు చాలు. భార్యాబిడ్డలున్న గృహస్థుకు ఎంత ఉంటే చాలు? మన శాస్త్రం ఈ ప్రశ్నను తప్పించుకొనలేదు. మనుస్మృతి నాలుగవ అధ్యాయం గృహస్థుడైన బ్రాహ్మణునికి నాలుగు స్థాయిలు చెప్పింది: కుసూలధాన్యకుడు, కుంభీధాన్యకుడు, త్ర్యహైహికుడు, అశ్వస్తనికుడు. కుసూలమంటే గాదె. మా పల్లెల్లో వెదురుతో అల్లి, పేడా మట్టీ మెత్తి నిలబెట్టే గుమ్మిని తలచుకుంటే సరిపోతుంది. కుంభి అంటే కుండ. మూడు దినాలకు సరిపడా ధాన్యం ఉన్నవాడు త్ర్యహైహికుడు. శ్వస్తనమంటే రేపటిది, రేపటికి గింజ దాచుకొననివాడు అశ్వస్తనికుడు. గాదె ఎన్నాళ్లకు సరిపోవాలి, కుండ ఎన్నాళ్లకు సరిపోవాలి అన్న విషయంలో వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయం లేదు. సంవత్సరాల లెక్క చెప్పినవారున్నారు, దినాల లెక్క చెప్పినవారున్నారు.

ఇందులో గమనించవలసినవి రెండు. మొదటిది, నలుగురూ ధర్మమార్గంలో ఉన్నవారే; గుమ్మి ఉన్నవాడిని శాస్త్రం నిందించలేదు. రెండవది, ముందువాని కంటే తరువాతివాడు శ్రేష్ఠుడని చెప్పి ఒక దిశను చూపింది. గుమ్మి నుండి కుండకు, కుండ నుండి మూడు దినాలకు, అక్కడి నుండి ఈ పూటకు. ఇది మెట్ల దారి. నేనున్న మెట్టు ఏదో తెలుసుకొని, తరువాతి మెట్టు వైపు ముఖం పెట్టుకొనడమే గృహస్థు చేయదగిన పని.

బౌధాయన ధర్మసూత్రం గృహస్థులలో శాలీనులు, యాయావరులు అనే భేదాలను చెప్పింది. మన తెలుగువారు 'యాయవారం' అని పలికే మాటకు మూలం అక్కడ ఉన్నది. ఇంటింటికీ వెళ్లి ఆనాటికి చాలినంత బియ్యం తెచ్చుకొని, చాలిన వెంటనే తిరిగి వచ్చేవారు మన పూర్వులు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి (1767–1847) ఉంఛవృత్తితో జీవించారు. తంజావూరు రాజాస్థానం నుండి వచ్చిన కానుకలను నిరాకరించి, నిధినీ రాముని సన్నిధినీ ఒకదాని ప్రక్క ఒకటి పెట్టి మనస్సును ప్రశ్నించే కల్యాణిరాగ కృతిని ఆయన ఆ సందర్భంలోనే పాడారని సంప్రదాయం చెబుతుంది. తెలుగు దేశానికి దూరంగా కావేరీ తీరంలో తెలుగులో పలికిన అపరిగ్రహమది.

మా గురువుగారి తరంలో వేదవిద్యార్థులు వారాలు చెప్పుకొని చదువుకున్నారు. సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట భోజనం. నా తరం నాటికి పాఠశాలలోనే వంట జరిగేది. నా సామాను ఒక రేకుపెట్టెలో సగం కూడా నిండేది కాదు: రెండు ధోవతులు, రెండు ఉత్తరీయాలు, పంచపాత్ర, ఉద్ధరిణి, ఒక చాప, ఒక కంబళి. తైత్తిరీయ శాఖలో సంహిత 44 పన్నాలు, బ్రాహ్మణం 28, ఆరణ్యకం 10, మొత్తం 82 పన్నాలు. గురువుగారు పన్నం పన్నంగా అందించిన ఈ ఆస్తికి అరగానీ, తాళంగానీ అవసరం లేకపోయింది. దొంగ ఎత్తుకొనిపోడు, అన్నదమ్ములు పంచుకొనరు. పదిమందికి చెబితే తరగదు, చెప్పకపోతే మాత్రం తరిగిపోతుంది. వస్తువులకు ఇది సరిగ్గా వ్యతిరేకమైన ధర్మం. విద్యార్థికి వస్తువులు తక్కువగా ఉండాలని మన పెద్దలు నియమించడంలోని మర్మం ఇదేనని నేననుకుంటాను. రెండు చేతులూ సామానుతో నిండినవాడు పుస్తకాన్ని ఎట్లా అందుకోగలడు?

ఇంతవరకు చెప్పినదానికి ఒక గృహస్థు అడగదగిన ఆక్షేపణ ఉన్నది. రేపటికి దాచుకొనకపోతే పిల్లల గతి ఏమిటి? గాంధీ మహాత్ములు దక్షిణాఫ్రికాలో ఉన్న రోజుల్లో, గీతలోని అపరిగ్రహ శబ్దం తమను పట్టుకొని వదలలేదనీ, అంతకు ముందు చేసిన 10,000 రూపాయల జీవిత బీమా పాలసీని దానివల్ల వదులుకున్నామనీ ఆత్మకథలో వ్రాసుకున్నారు. ఆయన అశ్వస్తనికుని మెట్టు మీద కాలు పెట్టినవారు. కూతురి పెండ్లికీ, కొడుకు చదువుకూ నెలనెలా కొంత దాచే నా పాఠకుడు కుంభీధాన్యకుని మెట్టు మీద ఉన్నాడు. అతడు తన కుండను పగులగొట్టవలసిన పని లేదు. కుండ నిండిన తరువాత రెండవ కుండ ఎందుకు కొంటున్నాడో మాత్రం తనను తాను అడగాలి. 'చొప్పదండి' అనే మా ఊరి పేరులో నా చెవికి చొప్పా వినబడుతుంది, దండీ వినబడుతుంది. చొప్ప పశువు మేత. దండి అంటే మా తెలంగాణ మాటలో సమృద్ధి. పశువుకు మేతా, మనిషికి గటకా ఉంటే దండిగా ఉన్నట్లే భావించిన తరాలు ఇక్కడ బ్రతికాయి.

పుచ్చుకొనే చేయి

పురోహితుని ఇంట్లో వస్తువులు కొనకుండానే పోగవుతాయి. ఇది లోకానికి అంతగా తెలియని సంగతి. అపరకర్మలలో దశదానాలు ఉన్నాయి: గోవు, భూమి, తిలలు, హిరణ్యము, ఆజ్యము, వస్త్రము, ధాన్యము, గుడము, రజతము, లవణము. శయ్యాదానంలో మంచం, పరుపు, దిండు, దుప్పటి, విసనకర్ర, చెంబు, గొడుగు, పాదరక్షలు వస్తాయి. ఛత్రదానానికీ, ఉపానద్దానానికీ మహాభారతం అనుశాసనిక పర్వంలో ఒక కథ ఉన్నది. జమదగ్ని బాణాలు వేస్తుంటే రేణుకాదేవి వాటిని ఏరి తెచ్చేది. మండుటెండకు ఆమె తలా పాదాలూ మాడిపోయాయి. కోపించిన మహర్షి సూర్యునిపైనే బాణం ఎక్కుపెట్టబోగా, సూర్యుడు శరణుజొచ్చి గొడుగునూ పాదరక్షలనూ ఇచ్చాడట. ఎండలో నడిచే స్త్రీ కష్టం చూచి పుట్టిన వస్తువులవి.

కొన్నేండ్ల క్రితం ఒక వేసవిలో మా గృహిణి అటక సర్దుతూ నన్ను పిలిచింది. "ఏమండీ, గొడుగులు పదకొండు ఉన్నవి. ఇంట్లో ఉన్నది మనం ఇద్దరం." అవి దానంగా వచ్చినవి, అగౌరవంగా చూడరాదు అన్నాను. ఆమె గొడుగుపై దుమ్ము దులుపుతూ నెమ్మదిగా అన్నది: "పుచ్చుకొమ్మని శాస్త్రం చెప్పింది. దాచుకొమ్మని ఎవరు చెప్పారండీ?"

ఆమె వేదం చదువలేదు. కాని పుచ్చుకొనడానికి అర్హత ఉన్నా ప్రతిగ్రహంలో ఆసక్తి పెంచుకొనరాదనీ, దానివల్ల బ్రహ్మతేజస్సు క్షీణిస్తుందనీ మనువు చెప్పిన మాటకు అంతకంటే మంచి వ్యాఖ్యానం నేను వినలేదు. ఆ ఏడాది మృగశిర కార్తె రాకముందే గొడుగులూ చెప్పులూ నాట్లకు వెళ్లే కూలీల ఇండ్లకు చేరాయి. అప్పటి నుండి మా ఇంట్లో అదే నియమం. దానంగా వచ్చినది మాకు అవసరమైతే వాడుకుంటాము, కాకపోతే పక్షం దాటనీయము. జమదగ్ని కథలోని గొడుగు ఎండలో నడిచే ఇల్లాలి కోసం పుట్టింది కనుక, అది ఎండలో నడిచే ఇల్లాలి చేతికి చేరడమే దాని గమ్యమని మా విశ్వాసం.

ఇక్కడ ఒక సత్యం చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణమవుతుంది. చిన్న ఆలయాల అర్చకుల మితజీవనం అంతా వైరాగ్యం వల్ల వచ్చినది కాదు. తెలంగాణలో ధూపదీప నైవేద్య పథకం కింద ఆలయానికి నెలకు ఇచ్చే మొత్తాన్ని ప్రభుత్వం 2023లో 6,000 రూపాయల నుండి 10,000 రూపాయలకు పెంచింది. అందులోనే నూనె, వత్తి, నైవేద్యం, అర్చకుని కుటుంబం. అట్టి ఇంటిలో వస్తువులు తక్కువగా ఉన్నవంటే అందులో సంకల్పమెంత, విధి లేకపోవడమెంత? ఈ ప్రశ్నను నేను నిత్యం వేసుకుంటాను. ధర ఎంతైనా కొనగలిగిననాడు ఏది కొనకుండా ఉంటానో అదే నా అపరిగ్రహం. మిగిలినది నా ఆర్థిక స్థితి.

చమకంలోని కోరికలు

శ్రద్ధగల ఒక భక్తుడు అభిషేకం ముగిసిన తరువాత ఒకనాడు నన్ను ఇట్లా అడిగాడు: "అయ్యగారూ, సంకల్పంలో ధనధాన్యాలు కోరుతారు, వాహనాలు కోరుతారు. చమకమైతే మొత్తం కోరికల జాబితాయే. మరి అపరిగ్రహం ఎట్లా చెబుతారు?"

ప్రశ్న న్యాయమైనది. తైత్తిరీయ సంహిత నాలుగవ కాండలోని చమకంలో 11 అనువాకాలున్నాయి. 'చ మే' అనే పలుకు, అనగా 'ఇదియు నాకు' అన్నది, మాటిమాటికీ వస్తుంది కనుకనే దానికి చమకమని పేరు. నాలుగవ అనువాకంలో వరి, యవలు, మినుములు, నువ్వులు, పెసలు, గోధుమలు మొదలైన ధాన్యాలన్నీ వస్తాయి. అయిదవదానిలో బంగారం, సీసం, తగరం, ఇనుము ఉన్నాయి. వాటితోపాటే రాయి, మట్టి, ఇసుక, కొండ, పర్వతం, వృక్షం కూడా ఉన్నాయి.

సమాధానం ఇక్కడనే ఉన్నదని ఆయనకు చెప్పాను. పర్వతాన్ని కోరినవాడు దానిని ఏ గదిలో దాచుకుంటాడు? మానేరు ఇసుకనంతా నాకు కావాలన్నవాడు దేనిలో పోస్తాడు? పట్టుకొనడానికి వీలు లేనిదాన్ని వేదం పట్టుకొనదగినదాని ప్రక్కనే నిలబెట్టింది. బంగారం ఎట్లాగో ఇసుకా అట్లాగే. రెండూ ఈశ్వరుని సృష్టిలో ఉండాలి, అవి ఉన్న లోకంలో నేనుండాలి. 'నాకు' అన్న మాట పర్వతమంత సాగినప్పుడు అందులోని 'నేను' ఈ అయిదడుగుల దేహానికి పరిమితం కాలేదు.

తరువాత అనువాకాల క్రమం చూడండి. ఆరవదానిలో దేవతలు వస్తారు. ఏడవదానిలో సోమపాత్రలు, ఎనిమిదవదానిలో సమిధలూ వేదికా మొదలైన యజ్ఞసాధనాలు వస్తాయి. పదవదానికి వచ్చేసరికి ఆయువూ, ప్రాణమూ, చూపూ, వినికిడీ, మనస్సూ, చివరికి యజ్ఞం కూడా యజ్ఞానికే సమర్థం కావాలన్న ప్రార్థనగా మారుతుంది. ధాన్యంతో మొదలైన కోరిక సమర్పణలో ముగిసింది. పదకొండవదానిలో ప్రధానంగా సంఖ్యలే ఉన్నాయి. కోరికను అణచమని వేదం చెప్పలేదు. దానిని పూర్తిగా సాగనిచ్చి, యజ్ఞశాల ద్వారం దగ్గరకు తీసుకువచ్చి విడిచిపెట్టింది. ఈశావాస్యం మొదటి మంత్రంలో త్యాగంచేత భుజించమన్న ఉపదేశం కూడా ఈ దారిలోనిదే. ఉపనిషత్తులన్నీ నశించినా ఆ ఒక్క మంత్రం నిలిస్తే హిందూధర్మం నిలుస్తుందని గాంధీ మహాత్ములు 1937లో తిరువాన్కూరు పర్యటనలో అన్నారు.

లేమి వేరు, విరతి వేరు

ఒక కార్తీకమాసపు సాయంకాలం పురాణ ప్రవచనంలో రంతిదేవుని కథ చెప్పాను. నలుబది ఎనిమిది దినాలు నీరైనా లేక, నలుబది తొమ్మిదవ నాడు లభించిన అన్నాన్ని వచ్చినవారికల్లా పంచి, చివరకు మిగిలిన మంచినీటిని కూడా దాహంతో వచ్చినవానికి ఇచ్చి, అష్టసిద్ధులూ మోక్షమూ వద్దు, ప్రాణుల దుఃఖం నాకు వస్తే చాలు అన్న మహానుభావుని కథ అది. ప్రవచనం ముగిసి అందరూ వెళ్లిన తరువాత బీడీలు చుట్టి జీవించే ఒక తల్లి స్తంభం దగ్గర ఆగింది. వెయ్యి బీడీల లెక్కన కూలి వచ్చే పని ఆమెది.

"అయ్యగారూ, ఒక మాట అడుగుత, తప్పైతే మాఫ్ జెయ్యుండ్రి. ఉన్నోళ్లు ఇడిసిపెడితె వైరాగ్యమంటున్రు. మేం పుట్టినకాన్నుంచి లేకుంటనే బతుకుతున్నం. మరి దీన్నేమంటరు?"

"దీన్ని లేమి అంటారమ్మా. దీన్ని పుణ్యమని నేను చెప్పను. ఇది పోవాలి" అన్నాను. ఆమె తల ఊపి, దీపం వత్తి సరిచేసి వెళ్లిపోయింది. ఆమె ప్రశ్న మాత్రం నాతోనే ఉన్నది. అపరిగ్రహాన్ని గూర్చి మాట్లాడే ప్రతివాడూ ముందుగా ఆమెకు సమాధానం చెప్పగలగాలి.

శాస్త్రం ఆమె పక్షానే ఉన్నది. అశ్వస్తనిక నియమాన్ని మనువు ఎవరికి చెప్పాడు? చెప్పే అధికారం ఉన్నవానికి, బోధించేవానికి చెప్పాడు, కూలివానికి చెప్పలేదు. మా శాఖకు సూత్రకారుడైన ఆపస్తంబ మహర్షి రాజధర్మం చెబుతూ, రాజ్యంలో ఏ ఒక్కరూ ఆకలిచేతగాని, రోగంచేతగాని, చలిచేతగాని, ఎండచేతగాని, లేమి వల్లనైనా సరే, ఎవరో బుద్ధిపూర్వకంగా కల్పించినందువల్లనైనా సరే, బాధపడరాదని విధించాడు. భాగవతం సప్తమస్కంధంలో నారదుడు ధర్మరాజుతో ఇంకా కఠినంగా పలికాడు: కడుపు నిండడానికి ఎంత కావాలో అంతవరకే మనిషికి హక్కు ఉన్నది, అంతకు మించి నాదన్నవాడు దొంగ, దండనకు అర్హుడు. యమాలలో అస్తేయం వెంట అపరిగ్రహం రావడంలోని సంబంధం ఇక్కడ తెలుస్తుంది. నా ఇంట్లో అవసరానికి మించి ఉన్నదానికి మరొకరి ఇంట్లోని కొరతతో లంకె ఉన్నది. అందువల్ల అపరిగ్రహం ఉన్నవానికి విధి, లేనివానికి రక్ష.

ఈ ధర్మం తెలంగాణ నేలపై కాలినడకన తిరిగిన కాలం ఒకటున్నది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజన కుటుంబాలు తమ జీవనానికి 80 ఎకరాలు కావాలని వినోబా భావే గారితో చెప్పుకున్నాయి. ఆయన సభలోని వారిని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి 100 ఎకరాలు ఇస్తామన్నారు. అక్కడ భూదానోద్యమం పుట్టింది. సాయుధ సంఘర్షణతో రగులుతున్న తెలంగాణలో వినోబా 51 రోజులు నడిచి సుమారు 12 వేల ఎకరాల దానం పొందారు. అడిగినవాడు కౌపీనమాత్ర పరిగ్రహుడు, ఈశావాస్యానికి వృత్తి వ్రాసిన విద్వాంసుడు. తనకంటూ అడగనివాడు కనుకనే భూస్వామి గడపలో నిలబడి అడుగగలిగాడు. దానపత్రాలలోని భూమి అంతా పేదల చేతికి చేరలేదన్నది కూడా చరిత్రయే. పత్రంపై వదలి మనస్సులో వదలకపోవడం కూడా మానవస్వభావమే మరి. అయినా చేరిన ఎకరం చేరినవాని బ్రతుకును మార్చింది. ఒకని అపరిగ్రహం మరొకని అన్నమవుతుందని చూపడానికి ఇంతకంటే దగ్గరి నిదర్శనం మనకు అక్కరలేదు.

రంతిదేవుని కథను తెలుగు చేసిన బమ్మెర పోతనామాత్యుని గూర్చి కూడా ఒక మాట. నేటి జనగామ జిల్లాలోని బమ్మెరలో హలం పట్టి జీవించి, భాగవతాన్ని రాజుకు ఇవ్వక శ్రీరామునికి అంకితం చేశాడని మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాము. పోతన ఏమీ లేనివాడు కాడు. నాగలి, ఎడ్లు, పొలం, గంటం, తాళపత్రాలు ఉండవలసినవాడు. వాటిలో ఒక్కటి కూడా మూలన పడి ఉండేది కాదు. గృహస్థుని అపరిగ్రహానికి ఇదే చక్కని లక్షణమని నాకు తోస్తుంది. వస్తువులు ఎన్ని అన్నది తరువాతి మాట. వాటిలో పని లేక నిద్రపోతున్నవి ఎన్ని అన్నది మొదటి మాట. మన పల్లెల్లో పెండ్లికి కావలసిన గంగాళాలూ పెద్ద బగోనెలూ ఇంటింటా ఉండేవి కావు. ఒకరి ఇంట ఉన్నవే ఊరంతా తిరిగేవి. ఆ ఎరువు సంప్రదాయం కూడా అపరిగ్రహమే. దానికి ఎవరూ ఆ పేరు పెట్టలేదు, అంతే.

నిర్మాల్యం

సాధకులు ఎక్కడ ఆరంభించాలి? మన సంప్రదాయంలో అందుకు చాతుర్మాస్య వ్రతం ఉన్నది. తొలి మాసం శాకాలు, రెండవ మాసం పెరుగు, మూడవ మాసం పాలు, నాలుగవ మాసం ద్విదళాలు వదలుతారు. ఒక్కసారిగా అన్నీ వదలమనలేదు, జీవితాంతం వదలమనలేదు. నెలకొకటి, గడువు పెట్టి వదలమన్నారు. వ్రతాంతంలో ఆ వదలినదాన్నే దానం చేస్తారు. ఇది పట్టు సడలించే అభ్యాసం. రాబోయే చాతుర్మాస్యంలో ఆహారంతో పాటు నెలకొక వస్తువును కూడా ఈ నియమంలోకి తీసుకురండి. నెల దినాలు దాని అవసరం కలుగకపోతే, అది ఎవరి ఇంట్లో ఉండవలసినదో వారికి చేర్చండి. ఇచ్చేటప్పుడు చినిగినదీ విరిగినదీ కాకుండా, తాము వాడుకొనదగిన స్థితిలో ఉన్నదే ఇవ్వాలి. పారవేయవలసినదాన్ని ఇవ్వడం దానం కాదు. ఇచ్చిన సంగతి ఇంట్లోవారికి తప్ప తెలియనవసరం లేదు.

తమకు చెందని వస్తువులను తమ ఇష్టం వచ్చినట్లు వదలరాదన్నది కూడా మనవి. ఇల్లాలి పసుపుకుంకుమల పెట్టె, తల్లి దాచుకున్న ఇత్తడి చెంబు, పిల్లవాని గాలిపటం వారివారి మెట్లకు సంబంధించినవి. ఒకరి వైరాగ్యం ఇంటిల్లిపాదికీ శిక్ష కాకూడదు.

ఇక అర్చకునిగా నాకు నిత్యం పాఠం చెప్పేది స్వామియే. ప్రాతఃకాలంలో గర్భాలయ ద్వారం తెరిచిన తరువాత నేను చేసే మొదటి పని క్రొత్త పూలు సమర్పించడం కాదు, నిన్నటి నిర్మాల్యం తొలగించడం. నిన్న సాయంకాలం ఎంతో భక్తితో ఎవరో గుచ్చి తెచ్చిన మాల, ఎవరో మొక్కు తీర్చుకున్న మారేడు దళం, అన్నీ స్వామి మీద నుండి దిగివస్తాయి. ముందుగా అవి దిగకపోతే అభిషేకజలం మూర్తిని తాకదు. విశ్వమంతా తనదైన ఆ ప్రభువు నిన్నటి పువ్వును కూడా ఈనాటికి ఉంచుకొనడు. బ్రతుకమ్మనాడు మా ఆడపడుచులు పొద్దంతా కూర్చుండి పేర్చిన పూలను సాయంత్రానికి చెరువు నీటికి అప్పగించి, ఖాళీ తాంబాళంతో పాటలు పాడుకుంటూ ఇంటికి వస్తారు. ఆ తాంబాళం ఖాళీ అయినందుకు ఏ ఒక్కరి ముఖంలోనూ దిగులు కనబడదు.

గుమ్మి ఉన్నవారు కుండ వైపు, కుండ ఉన్నవారు ఈ పూట వైపు ఒక్కొక్క అడుగు వేయుదురు గాక. ఏమీ లేనివారి ఇంట కుండ నిండు గాక. పుచ్చుకొనే చేతులన్నిటికీ ఇచ్చే శక్తిని పరమేశ్వరుడు అనుగ్రహించు గాక.

శుభం భూయాత్.